తోడేవాడి పంచనామా

శుద్ధ తదియ

మంగాయమ్మ పంటు మీద తోడేవాడు మళ్లీ చచ్చాడు. అమావాస్య వెళ్లాక ఇది రెండోసారి.

మేం వెళ్లేసరికి ఆమె బాతులన్నీ గూటి కప్పెక్కి గోల చేస్తున్నాయి. పంటు ఒక మూల జానెడు దిగిపోయింది. మంగాయమ్మ కుచ్చెళ్లు ఎగదోపుకుని చేతి పంపు కొడుతోంది. గుమ్మం పక్కన పలక ఎర్రగా వెలుగుతోంది. పలక ఎర్రబడితే తోడేవాడు పోయినట్టు. వాడు మనిషి కాదు, ప్రోగ్రాం. పంటు అడుగున ఊరే నీటిని చూసుకుంటూ పంపు నడపడం వాడి పని. వాడు పడిపోతే మనిషి కొట్టాలి, లేదా పంటు మునగాలి. ఈ ఊళ్లో కాళ్ల కింద నేల లేదు. నీళ్లలో తేలే పంట్ల మీదే ఇళ్లు, పంటుకి పంటు మోకులతో కట్టుకుని ఉంటున్నాం.

పంచనామాకి అయిదుగురం. నేను పెద్దని. సూరన్న నా బావమరిది, వాడి పంటు మంగాయమ్మ పంటుకి లోపలి వైపు ఆనుకుని ఉంటుంది. మేరీ సుగుణ ఎగువ ఊళ్లలో చదువుకుని వచ్చి ఇక్కడ యంత్రాలు బాగుచేస్తుంది. మిగిలిన ఇద్దరూ కవలలు. ఒకడు తలూపితే రెండోవాడూ ఊపుతాడు. వాళ్ల గురించి రాయడానికి ఏమీ లేదు.

పంచనామా కాగితం మీద గళ్లు నేను గీయించినవే. ఊరు కట్టిన కొత్తలో, చచ్చిన తోడేవాడి గురించి ఏమేం రాయాలో నేనూ, ఇప్పుడు లేని నలుగురూ కూర్చుని తేల్చాం. పేరు. ఏ పంటు. ఏ తల్లి ప్రోగ్రాం పుట్టించింది. పోయేటప్పటికి పనిలో ఉన్నాడా, నిద్రలో ఉన్నాడా, ఎవరి కోసమైనా కాచుకుని ఉన్నాడా. తర్వాతి అడుగు ఎక్కడ వెయ్యబోయాడు. ఇరుగుపొరుగు ఎవరు, వాళ్లు ఉన్నారా, పోయారా. ఆ కింద పదహారు గుప్పిళ్లు. తోడేవాడు పని చేసేటప్పుడు ఒక్కో గుప్పిట్లో ఒక్కో అంకె పట్టుకుంటాడు. మేరీ వాటిని రిజిస్టర్లు అంటుంది. గుప్పిట అంటే దానికేం నామోషీయో నాకు తెలీదు.

నేను గడి పేరు పిలుస్తాను, మేరీ పలక చూసి చెప్పి రాస్తుంది.

"ఒకటో గుప్పిట?"

"ఖాళీ."

"రెండు?"

"ఖాళీ."

పదహారూ అయ్యేసరికి సూరన్న విసుక్కున్నాడు. "ఎప్పుడడిగినా ఖాళీయే కదా బావా. ఒక్కసారే అన్నీ ఖాళీ అని కొట్టిపారెయ్యరాదా? ఎండ సంపేస్తంది."

"గీసిన గడి నింపాలి" అన్నాను.

కారణం గడిలో 'అంచు జబ్బు' అని రాయించాను. ఆ పేరు కూడా నేను పెట్టిందే. మొదట గాలివానకి ఊరి చివరనున్న వలలారేసుకునే పంటు తెగిపోయింది. అందులో మనుషులు లేరు. తర్వాత దాని పక్కనున్న బొమ్మిడి వాళ్ల తోడేవాడికి జబ్బు పట్టింది. వాళ్లది కోసేశాం. ఆ తర్వాత ఓలేటి వాళ్లకి పట్టింది. నిరుడు వాళ్లదీ కోశాం. ఇప్పుడు అంచున ఉన్నది మంగాయమ్మ. నిరుటి నుంచి వీడు అప్పుడొకసారి ఇప్పుడొకసారి పడుతూనే ఉన్నాడు. ఈ నెల పోట్లు పెద్దవి.

ఒక పక్షంలో మూడుసార్లు చస్తే మోకు కోయాలని రూలు. మునిగే పంటు పక్క పంటుని లాక్కుపోతుంది. మనుషులు కావాలంటే లోపలికి వచ్చి ఎవరి చూరు కిందనైనా బతకొచ్చు. బొమ్మిడి వాళ్లూ, ఓలేటి వాళ్లూ రామన్నారు. పంట్లతో పాటే దక్షిణానికి కొట్టుకుపోయారు. మంగాయమ్మ చెల్లెలు ఓలేటి వాళ్ల కోడలు.

పంచనామా అయ్యాక పై మీట నొక్కితే తల్లి ప్రోగ్రాం వాణ్ణి మళ్లీ పుట్టించింది. పలక పచ్చబడింది. మంగాయమ్మ పంపు వదిలేసి చేతులు చూసుకుంది. బొబ్బలు.

"ఇంకొక్కటే ఉందండి మావయ్యగారండీ" అంది.

"నాకు లెక్క వచ్చు" అన్నాను.

పంచమి

కొయ్యింగ చేపలు ఆరబెడుతుంటే మేరీ వచ్చింది. వచ్చినదానివి ఒక చెయ్యి వెయ్యొచ్చు కదా, నిలబడి మాట్లాడింది.

"పెదనాన్నా, నిన్న పాత కాగితాలన్నీ తిరగేశాను. ఊరు పుట్టిన దగ్గర్నుంచీ ఒక్క తోడేవాడి గుప్పిట్లో ఒక్క అంకె లేదు."

"అయితే?"

"వాడు పని మధ్యలో చచ్చాడని మీ గడిలోనే ఉంది. పని మధ్యలో ఉన్నోడి చేతుల్లో ఏదో ఒకటి ఉండాలిగా. నీళ్లు తోడేవోడు పడిపోతే బిందె చేతిలో ఉండదా?"

"చచ్చినవాడి చెయ్యి ఖాళీగానే ఉంటుంది."

"మనుషులకి ఖాళీగా ఉంటుంది. మనం విప్పుతాం కాబట్టి" అని, ఆ మాట దగ్గరే ఆగిపోయింది. నా వంక చూసింది. తర్వాత నా కొయ్యింగలు తొక్కుకుంటూ పరిగెత్తింది.

దాని చదువు ఎగువ నీళ్లకి పనికొస్తుంది. ఉప్పునీళ్లకి పనికిరాదని అందరికీ చెబుతూ ఉంటాను. ఈ పూట కూడా చెప్పాను, వినడానికి అది అక్కడ లేదు.

అష్టమి

అష్టమికి పోటులో బలం ఉండదు. మాట్లాడుకోవడానికి మంచి రోజు. మేరీ పట్టుబడితే నేనూ సూరన్నా మంగాయమ్మ దగ్గరికి వెళ్లాం. ఆమె బాతులకి నత్తలు చిదిమి వేస్తోంది.

"అత్తా, తోడేవాడు పోయినప్పుడు, వీళ్లు రాకముందు నువ్వేం చేశావు?" అని అడిగింది మేరీ.

"పంపు కొట్టాను."

"దానికి ముందు?"

మంగాయమ్మ మా ముగ్గురినీ చూసింది. తప్పేమైనా చేశానా అన్నట్టు ముఖం పెట్టింది. "గుప్పిళ్లు ఇప్పానండి. ఆ కింది మీట నొక్కితే తెరుచుకుంటాయి కదా. అందరం అదే చేస్తాం. పోయినోడి గుప్పిట మూసుంచుతారేటండి? ఇంటి కలిమి పట్టుకుపోడా?"

సూరన్న "అవును మరి" అన్నాడు. "మా పంటు మీదైనా అంతే. మా యావిడ ముందు గుప్పిళ్లు ఇప్పి, అప్పుడు కేకేస్తది."

"మావోరికి తమరే ఇప్పారు కదండి, మావయ్యగారండీ" అంది మంగాయమ్మ.

నిజమే. ఆమె మొగుడు వలతాడు పట్టుకుని పోయాడు. వేళ్లు ఒక్కొక్కటీ నేనే విప్పి, తాడు తీసి, గుప్పెడు బియ్యం పోసి మళ్లీ విప్పాను. అది పెద్దవాడు చేయాల్సిన పని.

కింది మీట చూశాను. దాని మీది రంగు అరిగి ఇనుము తేలింది. మా పంటు మీద మీట కూడా అలాగే ఉంటుంది. అది దేనికి ఉందో నేనెప్పుడూ అడగలేదు. గుప్పిళ్లు విప్పడానికే అనుకున్నాను.

మేరీ అంది: "ఊరంతా కలిసి శవాన్ని కడిగేస్తున్నాం పెదనాన్నా. కడిగేశాక అయిదుగురం కూర్చుని ఎలా చచ్చాడో రాస్తున్నాం."

ఒక ఆడపిల్ల నా ముఖం మీద ఈ మాట అనడం ఇదే మొదలు. నాకు కోపం వచ్చింది. కోపం వచ్చినా అది చెప్పిందాంట్లో తప్పు కనపడలేదు. అందుకు ఇంకా కోపం వచ్చింది.

"అయితే ఇప్పుడేం చెయ్యమంటావ్?"

"ఈసారి పడినప్పుడు ఎవరూ ముట్టుకోకూడదు. మనం వచ్చి గుప్పిళ్లు చదివేదాకా."

సూరన్న గట్టిగా నవ్వాడు. "ఈసారి పడితే మూడోసారి కదే అమ్మాయ్! చదవడానికి ఏముంటాది? కోతే."

వాడు చెప్పింది కూడా నిజమే. గుప్పిట చూడాలంటే వాడు చావాలి. వాడు చస్తే మంగాయమ్మ పంటు పోతుంది. ముగ్గురూ నా వైపు చూశారు. పెద్దరికం ఇలాంటప్పుడు గుర్తొస్తుంది అందరికీ.

"చూశాక కోస్తాం. పౌర్ణమి పోటు తీసి పాటు వచ్చేదాకా ఆగుతాం. అంతకంటే ఆగను" అన్నాను.

మంగాయమ్మ నత్తల బుట్ట కింద పెట్టింది. "గుప్పిట ఇప్పకుండా పంపితే నా ఇంటికి ఏదైనా అయితే?"

"నీకు ఇల్లుంటే కదా అవడానికి" అన్నాడు సూరన్న.

"నీ నోట్లో నా బాతు రెట్టెయ్య" అంది మంగాయమ్మ.

త్రయోదశి

మధ్యాహ్నం పోటు, నీళ్లలో పాతిన రాట మీది గుర్తు దాటుతూనే తోడేవాడు పడ్డాడు. ఉదయం నుంచీ అయిదుగురం అక్కడే కూర్చుని ఉన్నాం.

పలక ఎర్రబడగానే మంగాయమ్మ చెయ్యి తనంతట తనే కింది మీట మీదికి వెళ్లింది. మేరీ ఆ చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ కాసేపు పెనుగులాడారు. మంగాయమ్మ బలమైన మనిషి, నొక్కాలంటే నొక్కగలదు. నొక్కలేదు. వెళ్లి పంపు పట్టుకుంది, అటు తిరిగి కొట్టడం మొదలుపెట్టింది. కవలలు రెండో పంపుకి వెళ్లారు.

నేను కాగితం పట్టుకుని గళ్లు పిలిచాను.

"పోయేటప్పటికి?"

"కాచుకుని ఉన్నాడు. జవాబు కోసం."

"అడుగు ఎక్కడ వెయ్యబోయాడు?"

"పక్కవాళ్లని నీళ్లు అడిగే చోట."

పోటు గుర్తు దాటితే ప్రతి తోడేవాడూ పక్క పంట్ల తోడేవాళ్లని మీ దగ్గర ఎంత నీరుంది అని అడుగుతాడు. ఆ లెక్కన తోడుకుంటే పంట్లన్నీ ఒకే ఎత్తులో తేలతాయి, మోకులు తెగవు. ఇది అందరికీ తెలిసిన సంగతే.

"ఒకటో గుప్పిట?"

మేరీ ఒక అంకె చెప్పింది. నేను కాగితం మీంచి తలెత్తాను. ఇన్నేళ్లలో ఆ గడిలో అంకె పడడం నేను చూడలేదు. రెండో గుప్పిట్లో ఒకటి, మూడో దాంట్లో ఒకటి. నీటి ఎత్తులు, పంపు ఎంతసేపు తిరిగిందో, అలాంటివి. అయిదో గుప్పిట దగ్గర మేరీ పలక మీదికి వంగి మళ్లీ చూసింది.

"ఏమ్మా, కనపడలేదా?"

"కనపడింది. పంటు నెంబరు అది. ఓలేటి వాళ్ల పంటు."

పంపు చప్పుడు ఆగింది. మంగాయమ్మ పిడి వదలకుండా నిలబడిపోయింది. సూరన్న "కొట్టవే, మునిగిపోతాం" అని అరిస్తే మళ్లీ కొట్టింది.

మేరీ మెల్లిగా చెప్పుకుంటూ వచ్చింది. వీడు పుట్టినప్పుడు ఇరుగుపొరుగు గడిలో ఇద్దరున్నారు, లోపలి వైపు సూరన్న, బయటి వైపు ఓలేటి వాళ్లు. ఓలేటి వాళ్ల మోకు మేం కోశాం కానీ ఆ గడిలో వాళ్ల పేరు పక్కన 'ఉన్నారు' అనే ఉంది. పోయారని ఎవరూ రాయలేదు. పెద్దకర్మ చేశాకే అలా రాస్తాం. వాళ్లు చావలేదు కాబట్టి కర్మ లేదు, రాతా లేదు. అందుకని పెద్ద పోటు వచ్చినప్పుడల్లా వీడు వాళ్ల గుమ్మం తట్టడానికి వెళ్తున్నాడు. అక్కడ గుమ్మం లేదు. కాలు నీళ్లలో పడుతోంది.

సూరన్న మొలలోంచి మోకు కత్తి తీశాడు. "సరే. తెలిసింది కదా. రూలు రూలే. కోసేస్తే పీడ పోద్ది."

"బాబాయ్, మీ తోడేవాడికి బయటి వైపు పొరుగు ఎవరు?" అని అడిగింది మేరీ.

"ఈ మంగాయమ్మే."

"ఈ పంటు కోసేశాక పెద్ద పోటుకి వాడు ఎవరిని అడుగుతాడు?"

సూరన్న మంగాయమ్మ వంక చూశాడు, తర్వాత తన పంటు వంక చూశాడు. కత్తి చేతిలోనే ఉంది, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు పట్టుకుని నిలబడ్డాడు.

కారణం గడి మిగిలింది. గాలివానకి తెగిన పంటులో మనుషులు లేరు, అందుకని దాన్ని పోయిందని ఎవరూ రాయలేదు. దాన్ని అడగబోయి బొమ్మిడి వాళ్లవాడు పడ్డాడు. బొమ్మిడి వాళ్లని కోస్తే, వాళ్లని అడగబోయి ఓలేటి వాళ్లవాడు పడ్డాడు. వాళ్లని కోస్తే మంగాయమ్మవాడు. మేం కోసిన ప్రతిసారీ జబ్బు ఒక పంటు లోపలికి జరిగింది. ఆ గడిలో 'కోత' అని రాయమన్నాను. మేరీ రెండోసారి అడిగింది, సరిగ్గా విన్నానా అని. రాయమన్నాను.

చతుర్దశి

మందు సులువే. ఓలేటి వాళ్ల పేరు పక్కన 'పోయారు' అని గుర్తు పెడితే తోడేవాడు ఇక వాళ్లని అడగడు. ఆ గుర్తు ఊరివాళ్లు పెట్టడానికి లేదు. పోయినవాళ్ల రక్తసంబంధం పెట్టాలి, పెట్టినవాళ్లు కర్మ చెయ్యాలి. ఈ ఊళ్లో ఓలేటి వాళ్లకి మిగిలిన రక్తసంబంధం మంగాయమ్మ ఒక్కతే.

నేను వెళ్లేసరికే సూరన్న అక్కడున్నాడు. ఎండు రొయ్యల పొట్లం తెచ్చాడు. నిన్న కత్తి తీసినవాడు.

"చెల్లీ, ఒక్క గీతమ్మా. గీసెయ్యి. నీ పంటు నీకుంటాది, నా పంటు నాకుంటాది."

"ఆ పొట్లం నువ్వే తినన్నా. అరగదు నాకు."

"రేపు పౌర్ణమి పోటమ్మా."

"తెలుసు."

నేను కూర్చున్నాను. మేరీ కూడా వచ్చింది. నేను సంగతంతా మళ్లీ చెప్పాను. గుర్తు పెడితే పంటు ఉంటుంది, పెట్టకపోతే మూడు చావులైన పంటుని అట్టే పెట్టలేను, కోస్తే సూరన్నదీ పోతుంది, వాడి వెనకాల ఇంకొకరిదీ. నాకు మెత్తగా మాట్లాడడం రాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

మంగాయమ్మ అంతా విని, "గుర్తు ఎడితే కర్మ చెయ్యాలి కదండి?" అంది.

"చెయ్యాలి."

"బతికున్న దాని పేరు సెప్పి పిండం పెట్టనా? దాని మొగుడు దాని పక్కనుండగా పుస్తెలు తెంపినట్టు కాదా అది? దానికి ఇద్దరు పిల్లలండి. సిన్నదాన్ని ఈ పంటు మీదే కన్నది. నేనే బొడ్డు కోశాను."

"బతికున్నారని నీకేం తెలుసు?" అన్నాడు సూరన్న.

"పోయారని నీకేం తెలుసు?"

వాడు నా వైపు తిరిగాడు. "బావా, నువ్వు సెప్పు."

"నేను చెప్పాల్సింది చెప్పాను."

"అయితే నా మాటా వినండి" అంది మంగాయమ్మ. "నేను రాయను. మీరు మోకు కోసుకోండి. బాతుల్ని ఏసుకుని నేనూ అటే పోతాను. ఎక్కడో ఒక చోట దాన్ని ఆనుకుంటాను."

చేతి పంపుతో ఒక ఆడమనిషి సముద్రంలో ఎన్నాళ్లు తేలుతుందో నాకు తెలుసు. ఆమెకీ తెలుసు.

మేరీని అడిగాను, వేరే దారి లేదా అని. "గడిలో రెండే మాటలున్నాయి పెదనాన్నా. ఉన్నారు, పోయారు. తోడేవాళ్లని మీ కాగితం చూసే కట్టారు. వాడికి మూడో మాట తెలీదు."

"ఆ రెండు మాటలూ అయిదుగురం కూర్చుని పెట్టాం" అన్నాను.

"తెలుసు."

"నలుగురు పోయారు. ఎవర్ని అడిగి మార్చమంటావ్?"

నాకు మంగాయమ్మ మీద విసుగు పుట్టింది. "ఉన్నారని రాస్తే వాడు చస్తాడు. పోయారని నువ్వు రాయనంటావ్. మరేం రాయమంటావే?"

"వలకెళ్లినోడు రాకపోతే తమరేం రాస్తారండి?"

"ఏం రాస్తాం? పోయాడనం. వాళ్లింట్లో కంచం బోర్లించం. అడిగినవాళ్లకి కబురు లేదంటాం."

అన్నాక నోరు మూసుకున్నాను. మేరీ నా వంకే చూస్తోంది. సూరన్న కూడా చూస్తున్నాడు. వాడికి ఇంకా అర్థం కాలేదు, అందరూ చూస్తున్నారని చూస్తున్నాడు.

"గడి మార్చను" అని లేచి వచ్చేశాను.

ఇంటికొచ్చి అన్నం తిన్నాను. మా ఆవిడ ఏమైందని అడిగితే ఏమీ కాలేదన్నాను. ఆ కాగితం తీసి చూశాను. గీతలు వంకరగా ఉన్నాయి. గీసిన రోజున పడవ ఊగుతోంది, నలుగురూ నవ్వుతున్నారు, ఒకడు సిరా ఒలకబోశాడు. మేం అప్పటికి ఒక్క పంటునీ కోయలేదు. కోస్తామనీ అనుకోలేదు. ఇరుగుపొరుగు అంటే పక్కనుంటారు, లేకపోతే చస్తారు, అంతే అనుకున్నాం. వదిలేస్తామని ఎవరికి తోచింది.

పొద్దు ఇంకా ఉంది. మేరీ పంటుకి వెళ్లి, "మూడో మాట ఎంతసేపట్లో నేర్పగలవు?" అని అడిగాను.

అప్పటికే పలక విప్పి కూర్చుంది. నేను వస్తానని దానికి ఎవరు చెప్పారో.

పౌర్ణమి

కొత్త గడి ఇది. పొరుగువాడు: ఉన్నాడు, పోయాడు, కబురు లేదు. ఉన్నవాడిని అడగాలి. పోయినవాడిని అడగకూడదు. కబురు లేనివాడిని అడగాలి, కానీ జవాబు మీద బరువు వేసి నిలబడకూడదు. పిలిచి, కొంచెం ఆగి, పలక్కపోతే కబురు లేదని రాసుకుని తన పని తను చూసుకోవాలి. ఈ చివరి మాటలు నేను చెప్పినవి. మేరీ వాటిని వాడి భాషలోకి మార్చింది. సరిగా మార్చిందో లేదో నాకు తెలీదు, అది నమ్మమంది.

ఇంకో గడి కూడా పెట్టించాను, కాగితం మీద అన్నిటికంటే పైన: మాకంటే ముందు ఎవరు ముట్టుకున్నారు.

ఊరంతా సూరన్న పంటు మీదికి చేరింది. అది ఆ బరువుకే దిగిపోయేలా ఉంటే సగంమందిని తరిమాను. సూరన్న మోకు దగ్గర కత్తితో నిలబడ్డాడు. నేనే నిలబడమన్నాను. తోడేవాడు మళ్లీ పడి పంటు లాగితే కోయాలి. కొత్త గడి పెట్టానని రూలు తీసెయ్యలేదు. మంగాయమ్మ తన పంటు మీద ఒక్కతే ఉంది. పంపు పిడి పక్కన కూర్చుంది, ముట్టుకోలేదు.

పోటు వచ్చింది. గుర్తు తడిసింది. దాటింది.

పలక మీద తోడేవాడి అడుగులు మేరీ పైకి చదువుతోంది. "సూరన్న బాబాయ్‌ని అడిగాడు. జవాబొచ్చింది. ఇప్పుడు ఓలేటి వాళ్లని అడుగుతున్నాడు."

పంపు చప్పుడు తగ్గింది. వాడు జవాబు కోసం కాచుకున్నప్పుడు పంపు నెమ్మదిస్తుంది, ప్రతిసారీ అంతే, ఆ వెంటనే పలక ఎర్రబడుతుంది. ఒక బాతు గూటి మీంచి నీళ్లలోకి దూకింది. సూరన్న కత్తి మోకు మీద ఆనించాడు. పంటు మూల కొద్దిగా దిగింది.

"కోసెయ్యనా బావా?"

"ఆగు."

"దిగిపోతంది బావా."

"ఆగమన్నానా."

పంపు అందుకుంది. మామూలు కంటే గట్టిగా కొట్టుకుంది, వెనకబడిన పని అందుకునేవాడిలాగా. పంటు మూల పైకి లేచింది. పలక పచ్చగానే ఉంది.

"ఏం రాశాడే?" అని అరిచింది మంగాయమ్మ.

"కబురు లేదు అని రాశాడు అత్తా."

మంగాయమ్మ కొంగు మొహాన కప్పుకుంది. కాసేపటికి తీసి, "మళ్లీ అడుగుతాడా?" అంది.

"గుర్తు దాటిన ప్రతి పోటుకీ అడుగుతాడు."

సూరన్న కత్తి మొలలో పెట్టుకుని నా పక్కకి వచ్చాడు. చెమట్లు కారుతున్నాయి. "పలకరు కదా బావా. అడగడం దండగ."

"నువ్వు నోరు మూసుకుని నీ తోడేవాడికి కూడా ఆ గడి పెట్టించుకో" అన్నాను.

బహుళ పాడ్యమి

పాత పంచనామాలు రెండు తీయించాను. బొమ్మిడి వాళ్లదీ, ఓలేటి వాళ్లదీ. కారణం గడిలో అంచు జబ్బు కొట్టేసి కోత అని రాశాను. మేరీ రాస్తానంది, నేనే రాశాను. అక్షరాలు గడి దాటిపోయాయి. కింద నా పేరు పెట్టాను.

జబ్బు వాళ్లది కాదని వాళ్లకి తెలియాలి. మేరీ రెండు పడవలకి తెరచాపలు కట్టించింది. పాటు పట్టుకుని దక్షిణానికి వెళ్తాయి, కనపడిన ప్రతి లంకా, ప్రతి తెప్పా అడుగుతాయి. ఒకదాంట్లో కవలలు. రెండోదాంట్లో నేను.

సూరన్న గోల చేశాడు. "ఈ వయసులో నీకెందుకు బావా ఇది? కుర్రాళ్లు లేరా ఊళ్లో?"

"కుర్రాళ్లు వెళ్లి పిలిస్తే వాళ్లు రారు. పొమ్మన్నవాడు వెళ్లి రమ్మనాలి."

"రామంటే?"

"రామంటే వినొస్తాను."

మా ఆవిడ ఏడవలేదు. కంచం కడిగి బల్ల మీద వెల్లకిలా పెట్టింది, అంతే. మంగాయమ్మ బుట్టెడు బాతు గుడ్లు ఉడకబెట్టి తెచ్చింది. చెల్లెలికి చెప్పమని చాలా చెప్పింది. అంతా గుర్తుండదు నాకు. బతికే ఉందని అక్క రాయించిందని మాత్రం చెబుతానన్నాను.

"అలా అని రాయలేదు కదండి."

"నా నోరు, నా ఇష్టం" అన్నాను. నవ్వింది.

పడవ మోకు విప్పే ముందు ఈ పుస్తకం సూరన్నకి అప్పజెబుతాను. వాడి రాత నాకంటే అన్యాయం. అయినా గళ్లు నింపుతాడు, నింపకపోతే మేరీ ఊరుకోదు.

పడవలో అప్పుడే మడమల దాకా నీళ్లు ఊరాయి. చిన్న పడవ, దీనికి తోడేవాడు లేడు. డబ్బా ఒకటి ఉంది. రాయడం ఆపి తోడుకోవాలి.